గట్టు తోలు

ఆడపడుచును మెచ్చుకోవడం అంత తేలికైన పని కాదు. ఏ వదినను అడిగినా ఇదే మాట చెబుతుంది. పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నేను మా ఆడపడుచును దెప్పుతూనే ఉన్నాను, తను నవ్వుతూనే ఉంది. దెప్పడానికి కారణాలు లేకపోలేదు. మెట్ల కింద రాళ్లు, కిటికీ గూట్లో రాళ్లు, ఫ్రిజ్ మీద రాళ్లు. ఓసారి పంచదార సీసా పక్కనే అచ్చం అలాంటి సీసాలో తెల్లటి సన్న ఇసుక పెట్టింది. నేను చూసుకోకుండా మా ఆయన కాఫీలో రెండు చెంచాలు వేసి కలిపిచ్చాను. పాపం ఆయన సగం తాగి, "ఇవాళ పంచదార కరగలేదేంటే?" అని మాత్రం అన్నారు. అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే నెమ్మది. ఈ ఇంట్లో ముక్కు మీద కోపం నా ఒక్కదానికే.

చిన్నప్పుడు మన్ను తినేదని మా అత్తయ్య తనకు మట్టమ్మ అని పేరు పెట్టారట. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. బయట మాత్రం ఊళ్లో ఉన్న బడి టీచర్లందరికీ తను మట్టి మేడం. ఏ బడిలో ఎవరికి నేల గురించి, రాళ్ల గురించి పాఠం చెప్పాల్సి వచ్చినా ముందు తన దగ్గరికే పరిగెత్తుతారు. అడగని వాళ్ల బడికి తనే వెళ్తుంది. జీతంలో పని కాదది. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. సెలవు రోజు కాస్త నడుం వాల్చమ్మా అంటే వినదు.

ఆ పరిగెత్తే టీచర్లలో నేనూ ఒకదాన్నవుతానని కలలో కూడా అనుకోలేదు. నేను లెక్కల టీచర్ని. లెక్కల్లో ఒక సుఖం ఉంది, జవాబు పుస్తకం చివర ఉంటుంది. మా బడిలో సైన్సు చెప్పే అమ్మాయి పురిటికి సెలవు పెట్టింది. మా పెద్ద మేడం నన్ను గదిలోకి పిలిచి, భూమి పొరల పాఠం నా నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారు.

"నాకు గులకరాయికీ గచ్చుకీ తేడా తెలీదు మేడం," అన్నాను.

"మట్టి మేడం మీ ఇంట్లోనే ఉందిగా. ఇంక మీకేం లోటు?" అన్నారావిడ.

ఇంట్లోనే అడగొచ్చు. కానీ ఇన్నేళ్లు దెప్పిన నోటితో వంటింట్లో నిలబడి అడగడానికి మనసొప్పలేదు. అందుకని మిగతా టీచర్లలాగే చేతిసంచీ తగిలించుకుని కాలేజీకి వెళ్లాను.

వాళ్ల శాఖలో విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటుంది. మట్టమ్మ ఆ కుర్చీలను బయటికి తోసి ఆ గదిని టీచర్ల కోసం చేసుకుంది. మూడు గోడలకీ బీరువా అరలు. అరల నిండా పిడి ఉన్న చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో కొన్ని రాళ్లు, ఒక భూతద్దం, ఒక ఇనుప మేకు, ఒక తెల్ల పింగాణీ పెంకు, చిన్న సీసాలో వెనిగర్. బడి వాళ్లు వచ్చి పెట్టె పట్టుకెళ్తారు, పాఠం అయ్యాక తెచ్చిస్తారు. రాళ్లు ఒకదానికొకటి తగిలి అరిగిపోకుండా ప్రతి రాయినీ ఒక మేజోడులో పెట్టింది. మా ఇంట్లో జత తప్పిన మేజోళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయో నాకు ఆ రోజు తెలిసింది. ఒక నల్లరాయి మా ఆయన పెళ్లినాటి పట్టు మేజోడులో దర్జాగా పడుకుని ఉంది.

నన్ను చూసి మట్టమ్మ నవ్వలేదు, ఆటపట్టించలేదు. స్టూలు లాగి వేసింది.

"ఏ ప్రశ్నంటే భయం వదినా?" అంది.

"ఏంటి?"

"పిల్లలు ఏ ప్రశ్న అడుగుతారోనని నీకు భయం? ముందు అది చెప్పు. అక్కణ్ణుంచి మొదలుపెడదాం."

వచ్చిన ప్రతి టీచర్నీ తను ఇదే అడుగుతుందట. మీకేం తెలుసు అని అడగదు. తెలిసింది అడిగితే ఎవరైనా గొప్పలు పోతారు, లేదా సిగ్గుపడతారు. భయం అడిగితే నిజం చెబుతారు. నేనూ నిజమే చెప్పాను. ఎవడో ఒకడు లేచి, ఈ రాయి ఎప్పటిది మేడం అంటే నేను నీళ్లు నమలాలి.

"నాకు తెలీదురా అని చెప్పు. ఎలా తెలుసుకోవచ్చో చూద్దాం రమ్మను," అంది.

"టీచరు నోట తెలీదన్న మాటా? నెత్తికెక్కి కూర్చుంటారు."

"కూర్చోరు. చుట్టూ చేరతారు. చూడు కావాలంటే."

సాయంత్రం దాకా కూర్చోబెట్టి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మేకుతో గీకి చూడటం, పింగాణీ మీద రుద్ది రంగు చూడటం, వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుందా రాదా చూడటం. ఒక్క రాయి పేరు కూడా ముందుగా చెప్పలేదు. నా చేతే గీకించి, రుద్దించి, నా నోటితోనే తేడాలు చెప్పించింది. మధ్యలో ఇద్దరు టీచర్లు పెట్టెలు తిరిగిచ్చి పోయారు. ఇద్దరితోనూ వాళ్ల పిల్లల పేర్లు పెట్టి మాట్లాడింది. మా ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియని మనిషి, ఊళ్లో ఏ బడిలో ఏ పిల్ల ఏం అడిగిందో గుర్తుపెట్టుకుంటుంది. నాకు కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

ఆ ఆదివారం గట్టు దగ్గరికి రమ్మంది.

ఊరి చివర రోడ్డు మలుపు తిరిగే చోట ఒక మట్టి గట్టు ఉంది. ఎప్పుడో రోడ్డు కోసం దాన్ని నిలువునా కోశారు. కోసిన వైపు గోడలా నిలబడింది. దాని కిందినుంచే ఒక కాలిబాట. మా బడి పిల్లలు చాలామంది ఆ బాటనే వస్తారు, రోడ్డు దాటక్కర్లేదని. నేనూ ఎన్నోసార్లు ఆ దారిన నడిచాను. మట్టిగోడ అనుకున్నాను, అంతే. మట్టమ్మ మాత్రం తను చదువుకునే రోజుల నుంచీ ఆ గోడ దగ్గరికి వెళ్తూనే ఉంది. టీచర్లకు పాఠం మొదలుపెట్టాక నెల నెలా వాళ్లను అక్కడికి తీసుకొస్తోంది. ఊరంతటికీ నేల లోపలి పొరలు విప్పి చూపించేది ఆ ఒక్క చోటే. మిగతాదంతా ఇళ్లు, రోడ్లు.

పదిహేను మందిమి టీచర్లం వచ్చాం. మట్టమ్మ అందరికీ కాగితం, పెన్సిల్ ఇచ్చి, మాట్లాడకుండా గోడను చూసి గీయమంది. తర్వాత ఒక్కొక్కరినీ చదవమంది. నన్నే ముందు నిలబెట్టింది, వదినన్న కనికరం లేకుండా.

"పైన ఎర్రమట్టి. దాని కింద ఇసుక. ఇసుక మధ్యలో తెల్లటి సన్న గీత. కింద బూడిదరంగు బంకమట్టి. అడుగున గుండ్రటి గులకరాళ్లు," అని గడగడా చదివాను. నా తర్వాత నలుగురు అలాగే చదివారు.

మట్టమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని విని, "అందరూ కథను చివర్నుంచి చెప్పారు," అంది.

మేం మా కాగితాలు తిప్పి తిప్పి చూసుకున్నాం.

"ఏది ముందొచ్చింది? కిందదా, పైదా? కింద ఏదీ లేకుండా పైది దేని మీద పడింది?"

మాతో వచ్చిన ఒక డ్రాయింగ్ సారు నుదురు కొట్టుకున్నాడు. మేమంతా ఇన్నేళ్లుగా బోర్డు మీద పైనుంచి కిందికి రాసే జాతి. గోడ కనపడగానే బోర్డు అనుకుని పైనుంచి మొదలుపెట్టాం. ప్రతిసారీ, వచ్చిన ప్రతి టీచరూ ఇదే పొరపాటు చేస్తారట. పిల్లలు మాత్రం చెయ్యరట, ఇసుకలో ఇళ్లు కట్టేవాళ్లకు అడుగు ముందని తెలుసు. అందరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత తను కింది నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఇక్కడ ముందొక ఏరు పారింది, రాళ్లను దొర్లించి గుండ్రం చేసింది. ఏరు దారి మార్చుకుంటే నీళ్లు నిలిచి మడుగైంది, బురద పేరుకుంది. మళ్లీ ఏరొచ్చి ఇసుక పోసింది. ఒకరోజు ఎక్కడో దూరాన అగ్నిపర్వతం పేలితే దాని బూడిద గాల్లో వచ్చి ఇక్కడ మంచులా కురిసింది. ఆ తెల్ల గీత అదే, వేలెడు మందం. ఊళ్లే లేని రోజు. నేను వెళ్లి దాని మీద వేలు పెట్టాను. ఒళ్లు జలదరించింది. లెక్కల్లో నాకెప్పుడూ అలా కాలేదు.

అందరూ తెల్ల గీత చుట్టూ మూగి ఉంటే మట్టమ్మ కాస్త అవతలికి వెళ్లి బంకమట్టి మీద చెయ్యి ఆనించింది. చెయ్యి తీసి చూసుకుంది. తడి. వానలు ఇంకా మొదలే కాలేదు. గట్టు పక్కనుంచి పైకెక్కింది. దిగి వచ్చేసరికి మొహం పాలిపోయింది. "ఇవాళ్టికి చాలు, అందరూ రోడ్డు అవతలికి పదండి," అని మాత్రం అంది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర విషయం బయటపెట్టింది. గట్టు పైన, అంచుకు కాస్త లోపలగా, అంచు వెంబడే ఒక పగులు పడింది. కిందటేడు ఇంకి, పైన ఇసుకలోంచి మెల్లగా దిగే నీళ్లు బంకమట్టి దగ్గర ఆగిపోయి దాన్ని జారుడుగా చేస్తున్నాయి. గట్టిగా వానలు పడితే ముందు భాగం మొత్తం జారి బాట మీదకు రావచ్చు.

"రోడ్ల వాళ్లకు చెబితే ఏం చేస్తారు?" అన్నాను.

"గోడను వెనక్కి చెక్కుతారు. ఇనుప వల కొట్టి సిమెంటు పోస్తారు."

"మరి నీ గోడ?"

"ఉండదు."

మా ఆయన కంచంలో వేళ్లు కదుపుతూ, "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే?" అన్నారు. చెడ్డ మనసుతో కాదు. చెల్లెలు ఆ గోడకు ఎంత ముడిపడిందో ఆయనకు తెలుసు.

"నాకు తెలిసిపోయిందిగా అన్నయ్యా," అంది.

కంచం ముందే కూర్చుని ఉంది, ముద్ద మాత్రం దిగలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. గట్టు మీద కావచ్చు. ఇన్నేళ్లలో మొదటిసారి తన కంచం నేను తీసి కడిగాను.

మర్నాడు బడి అయ్యాక నేనూ తనతో రోడ్ల ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు. బల్ల నిండా ఫైళ్లు, గోడ నిండా పటాలు, రెండు రోజులుగా గీసుకోని గడ్డం. ఇంతకంటే ప్రమాదంగా ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయన్నాడు. ఇన్నేళ్లు నిలబడింది, వానాకాలం వెళ్లాక చూద్దాం అన్నాడు. పగులు ఎండకు పడి ఉంటుందన్నాడు.

"పెరుగుతోందేమో అని నా అనుమానం," అంది మట్టమ్మ.

"అనుమానానికి నేను మిగతా రోడ్ల పని ఎలా ఆపనమ్మా? కొలతలు తీసుకురండి, చూస్తా."

బయటికొచ్చాక నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మట్టమ్మ, "ఆయన అడిగింది సరైందే వదినా," అంది. తను ప్రాణంలా చూసుకునే గోడను పూడ్చిపెట్టమని తనే బతిమాలుకోవాలి, దానికి సాక్ష్యం కూడా తనే తేవాలి. ఇదెక్కడి రాత అనిపించింది నాకు.

సాక్ష్యం తేవడానికి టీచర్లే ముందుకొచ్చారు. మట్టమ్మ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస చెట్టుకు బిగించి, మమ్మల్ని దూరంగా నిలబెట్టి, పగులుకు అవతల కొన్ని మేకులు, ఇవతల కొన్ని మేకులు కొట్టింది. ఆ తర్వాత పగులు దాటడానికి ఎవరికీ అనుమతి లేదు. ఇవతలే నిలబడి, టేపు కొసను పొడుగు కర్రతో అవతలి మేకుకు తగిలించి కొలవాలి. బడులు వంతులు వేసుకున్నాయి. ఉదయం ఒక బడి టీచరు, సాయంత్రం ఇంకో బడి టీచరు. కిందటి నెల దాకా గులకరాయికీ గచ్చుకీ తేడా తెలియని వాళ్లం పగులు అంచుల గురించి మాట్లాడుకునే స్థితికొచ్చాం. ఒక తెలుగు మేస్టారు, "ఇవాళ బంకమట్టి నిన్నటికంటే చెమరుస్తోంది మేడం," అని ఫోన్ చేసి చెప్పాడట. ఎంత ముచ్చటగా చెప్పాడో చూడు వదినా అని మట్టమ్మ నాకు చెప్పి మురిసిపోయింది. అంత దిగులులోనూ తన శిష్యులు కళ్లు తెరిచి చూస్తున్నారని ఆ మనిషికి సంతోషం. అలాంటి సంతోషం నా వల్ల కాదు.

గట్టు కింది బాటన పిల్లల్ని పోనివ్వకుండా మా పెద్ద మేడం గేటు దగ్గర నిలబడి, చుట్టూ తిరిగి రమ్మని చెప్పారు. సగం మంది విన్నారు. సగం మంది, ఎవరూ చూడనప్పుడు, ఆ దారినే పరిగెత్తుకొచ్చారు. పిల్లలు కదా. బాటకు అడ్డం కట్టే అధికారం మాకు లేదు.

కొలతలన్నీ నా దగ్గరికి చేరేవి. గీతలు గీయడం నాకు చేతనైన పని. గళ్ల కాగితం మీద ఒక్కో కొలతకూ ఒక్కో చుక్క పెట్టాను. మొదట్లో చుక్కలు నేలబారుగా ఉన్నాయి. మొదటి వాన పడ్డాక లేచాయి. రెండో వాన తర్వాత, వాన ఆగాక కూడా, లేస్తూనే ఉన్నాయి. చుక్కలు కలిపి గీత గీశాను. నా క్లాసులో ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఆ దారిన వచ్చే పిల్లల మొహాలు కళ్ల ముందు తిరిగాయి.

ఆ గళ్ల కాగితం పట్టుకుని టీచర్లందరం ఇంజినీరు గదిలోకి వెళ్లాం. కూర్చోవడానికి కుర్చీలు చాల్లేదు. ఆయన కాగితం మీది చుక్కల వెంబడి వేలు జరిపాడు.

"గీత పైకి వంగుతోంది," అన్నాడు.

"అవునండీ," అన్నాను నేను.

"ఎవరు కొలిచారు?"

"మేమే. బడి టీచర్లం."

ఆయన వెంటనే ఫోన్ తీసి, బాట మూసేయమని, యంత్రాలు పంపమని చెప్పాడు. ఫోన్ పెట్టేసి మట్టమ్మ వైపు తిరిగాడు. "మీరు టీచర్లకు పాఠాలు చెప్పేది ఆ గోడ దగ్గరే అట కదా?"

"అవునండీ."

"సిమెంటు పోస్తే ఇంకేం కనపడదమ్మా."

"తెలుసండీ. తొందరగా పొయ్యండి."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. యంత్రాలు వచ్చేలోపు గోడ నుంచి ఏమైనా తీసుకోవాలంటే తీసుకొమ్మన్నాడు, పగులు లేని కుడి కొస నుంచి మాత్రమే, తన మనిషి ఒకడు పైన కాపలా ఉండగా.

ఏం తీసుకుంటాం? మట్టి మూట కట్టుకెళ్తే అది ఉత్త మట్టే అవుతుంది, పొరలు ఉండవు. దానికో ఉపాయం ఉందని మట్టమ్మ చెప్పింది. ఇసుక, బంకమట్టి ఇంకా రాయిగా గట్టిపడలేదు కాబట్టి ఇక్కడ కుదురుతుందట. గోడను తాపీతో నున్నగా చెక్కాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురును నీళ్లలో పల్చగా కలిపి దాని మీద చిమ్మాలి. గాయాలకు కట్లు కట్టే పల్చటి గుడ్డను దాని మీద పరిచి, బ్రష్‌తో మళ్లీ జిగురు పూయాలి. ఆరాక గుడ్డను పైనుంచి నెమ్మదిగా ఒలిస్తే, గోడ మీది పొరలన్నీ ఎక్కడివక్కడ, గింజ గింజ, గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. వెనక చెక్క కొట్టి గోడకు తగిలించుకోవచ్చు.

"అంటే గట్టు తోలు తీస్తామన్నమాట," అన్నాడు డ్రాయింగ్ సారు.

ఇన్నేళ్లుగా పిల్లల్ని తోలు తీస్తా, తోలు తీస్తా అని బెదిరించడమే గానీ ఎవరి తోలూ తీసిన పాపాన పోని టీచర్లం మేము. చివరికి ఒక గట్టు తోలు తీశాం. ఒక్కో బడికి ఒక్కో తోలు. జిగురు చేతులకు, జుట్టుకు, చీరలకు అంటుకుంది. మా ఆయన సెలవు పెట్టి వచ్చి బకెట్లలో జిగురు కలిపారు. మొదటి తోలు సగంలో చిరిగిపోతే తెలుగు మేస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మట్టమ్మ ఆయన భుజం తట్టి, చిరిగిన చోట ఏ పొర ఉందో చెప్పమంది. ఆయన ముక్కు తుడుచుకుంటూ చెప్పాడు. రెండోది నిండుగా వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే అచ్చం గోడే, గులకరాళ్లు, బంకమట్టి, ఏటవాలు గీతలతో ఇసుక. అందరం చప్పట్లు కొట్టాం.

ఒకటే లోటు. తెల్ల గీత కుడి కొసలో అరిగిపోయి దారమంత మిగిలింది. నిండుగా ఉన్నది మధ్యలోనే, పగులు కిందే. తోళ్లు తీసిన రెండు రోజులూ మట్టమ్మ అటు చూస్తూనే ఉంది. తన బతుకులో సగం దాన్ని చూపిస్తూనే గడిపింది. అక్కడ ఒక్క తోలు తీస్తే చాలు, కాలేజీ గదిలో నిలువెత్తున పెట్టుకోవచ్చు. మాకందరికీ అది తెలుసు. అందుకే డ్రాయింగ్ సారు ఎవరికీ చెప్పకుండా గుడ్డ, బకెట్ పట్టుకుని మధ్యకు నడిచాడు, ఆమె కోసం.

"ఆగు!"

ఆ గొంతు మట్టమ్మదంటే నేను ముందు నమ్మలేదు. గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషి అనుకున్నాను. సారు బకెట్ అక్కడే వదిలేసి వచ్చాడు.

"మీకోసమే మేడం," అన్నాడు తల వంచుకుని.

"తెలుసు బాబూ. నాకొద్దు." ఆయన చేతిలోని గుడ్డ తీసుకుని మడిచింది. "బూడిద ఎక్కడికీ పోదు. సిమెంటు వెనకాల ఉంటుంది. నీకేమైనా అయితే మీ బడిలో పిల్లలకు ఎవరు చెబుతారు?"

అన్నన్ని గులకరాళ్లను మేజోళ్లలో చుట్టి దాచే మనిషి, జీవితంలో తను అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్న దాన్ని నాకొద్దు అనేసింది. అప్పుడే నేను మనసులో నా ఓటమి ఒప్పుకున్నాను. ఇలాంటి ఆడపడుచు దొరికినందుకు నేను గర్వపడాలి. పడ్డాను కూడా. ఆ మాట ఆమెతో మాత్రం అనలేదు, నాకూ కాస్త పరువుంది.

యంత్రాలు వచ్చాయి. గట్టును వాలుగా చెక్కి, వల కొట్టి, సిమెంటు చిమ్మారు. మట్టమ్మ చూడటానికి వెళ్లలేదు. బాట మళ్లీ తెరిచారు. గట్టు పడలేదు. పడకుండా చేస్తే ఇక పడదు కదా. కానీ ఊళ్లో కొందరు, పడని దానికి ఎంత హడావుడి చేశారు, పిల్లలు ఎన్నాళ్లు చుట్టూ తిరిగారు, అని గొణిగారు. సంతలో ఒకావిడ నా మొహం మీదే అంది. నేను ఆవిడకు ఏం చెప్పానో ఇక్కడ రాయడం బాగుండదు.

కొన్నాళ్లకు మా క్లాసులో భూమి పొరల పాఠం వచ్చింది. గోడకు తోలు తగిలించి ఉంది. మట్టమ్మను రమ్మన్నాను. ఈసారి ఇంట్లోనే, వంటింట్లో నిలబడే అడిగాను. సగం పాఠం తను, మిగతా సగం నేను అని ఒప్పందం. వచ్చి, పిల్లలందర్నీ ఒక్కొక్కరుగా దాన్ని ముట్టుకోనిచ్చింది. వాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. రెండింటికి తెలీదు అని జవాబు చెప్పింది, వాళ్లు నిజంగానే చుట్టూ చేరారు.

మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది, ఏదీ ఊరికే ఒప్పుకోదు. వచ్చి గులకరాళ్లను గోరుతో గీకింది.

"ఇది నిజందా మేడం, చేసిందా?"

"నిజందే. గట్టు నుంచి తీశాం."

"మిగతాది?"

"సిమెంటు కింద ఉంది."

"ఎవరు వేయించారు సిమెంటు?"

"నేనే," అంది మట్టమ్మ.

ఆ పిల్ల వదల్లేదు. "కానీ అది పడలేదుగా. మా నాన్న అన్నాడు, పడనే లేదు, ఊరికే కప్పించారు అని. ఎంత బాగుందో. మొత్తం ఉంటే మేమందరం వెళ్లి చూసేవాళ్లం."

నాకు సర్రున కోపం వచ్చి నోరు తెరిచాను. మట్టమ్మ నా వైపు చూసి వద్దని తల ఊపింది. ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నిజమే, చాలా బాగుండేది. నువ్వు బడికి ఏ దారిన వస్తావమ్మా?"

"గట్టు కింద బాటనే. మా తమ్ముణ్ణి ఒకటో తరగతిలో దింపి నేనొస్తా."

"రోజూనా?"

"రోజూ."

"అందుకే," అంది మట్టమ్మ.

ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. వెళ్లి తన చోట కూర్చుంది. పాఠం మిగతా సగం నేను చెప్పాలి, సుద్దముక్క కూడా చేతిలోకి తీసుకున్నాను. దాన్ని మట్టమ్మ చేతిలో పెట్టి, వెళ్లి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆ సగమూ తనే చెప్పింది.